టిక్కు, టక్కు, తుస్సు: ఇంజన్ చప్పుడుకు ఏ మాట?

అందరికీ నమస్కారమండీ. ఈసారి పద్యం తీసుకురాలేదు, ఒక చప్పుడు తీసుకొచ్చాను. దానికి సరైన తెలుగు మాట ఏదో మీతో తేల్చుకోవాలని ఉంది.

మా బావగారికి పాత డీజిల్ పికప్ ఉంది. పదిహేనేళ్లు దాటింది. ఊళ్లలో కల్లాల దగ్గర మిరపకాయలు ఎక్కించుకుని గుంటూరు యార్డుకు తోలుతుంటారు. మొన్న రాత్రి యార్డులో టిక్కీలు దించి (ఎండుమిరప బస్తాను అక్కడ టిక్కీ అంటారు) క్యాబిన్‌లోనే పడుకున్నారు. తెల్లవారి స్టార్ట్ చేస్తే ఇంజన్‌లో ఏదో కొట్టుకుంటున్న చప్పుడు. ఎక్సిలేటర్ తొక్కితే ఇంకా ఎక్కువవుతోంది. టెన్షన్ పడుతూనే కాజ టోల్‌గేటు దాటించి, మంగళగిరి దగ్గర పక్కకు ఆపి, విజయవాడ ఆటోనగర్‌లో తనకు అలవాటైన మెకానిక్‌కు ఫోన్ చేశారు.

"తమ్ముడూ, ఇంజన్ టకటకా కొట్టుకుంటోందయ్యా."

"టకటకానా? అయితే ఇంజన్ ఆపెయ్ అన్నా. మళ్లీ స్టార్ట్ చెయ్యొద్దు."

చేసేదేముంది, ఇంకో బండికి తాడు కట్టి, వారధి దాటించి ఆటోనగర్ దాకా లాక్కొచ్చారు. ఆ పూట నేనూ అక్కడికి వెళ్లాను.

మెకానిక్ ముందు డిప్‌స్టిక్ లాగి ఆయిల్ చూశాడు. సరిపడా ఉంది. స్టార్ట్ చేయించి, పొడవాటి స్క్రూడ్రైవర్ మొనను వాల్వ్ కవర్ (ఇంజన్ పైమూత) మీద ఆనించి, పిడిని చెవికి పెట్టుకున్నాడు. తర్వాత కింద ఆయిల్ సంప్ (ఇంజన్ అడుగున ఆయిల్ నిలిచే తొట్టి) పక్కన విన్నాడు. కింద ఏమీ లేదు. ఆఖరికి సైలెన్సర్ గొట్టం మొదలయ్యే చోట, మానిఫోల్డ్ దగ్గరికి వంగాడు.

"అన్నా, ఇది టకటక కాదు, టిక్కు టిక్కు. ఇంకా దగ్గరికొచ్చి విను. టిక్కు కూడా కాదు, తుస్సు."

నిజమే. రెండడుగుల దూరంలో నిలబడితే టిక్కు టిక్కుమంటోంది. వంగి వింటే ప్రతి టిక్కు వెనకా చిన్న తుస్సు ఉంది. మానిఫోల్డ్‌కూ హెడ్‌కూ (సిలిండర్ల పైభాగం) మధ్య ప్యాకింగ్ కాలిపోయింది, వాటిని బిగించే స్టడ్ ఒకటి విరిగింది. ఆ సందులోంచి పొగ బయటికి తన్నుతోంది. చుట్టూ నల్లటి మసి చార కూడా కనిపించింది. ఇంజన్ వేడెక్కేకొద్దీ ఇనుము సాగి సందు కాస్త మూసుకుంటుంది, చప్పుడు తగ్గుతుంది. తెల్లవారి చల్లటి ఇంజన్ మీద అంత గట్టిగా వినిపించింది అందుకే.

అప్పుడు ఆ అబ్బాయి అన్న మాట నన్ను ఇక్కడిదాకా తీసుకొచ్చింది. "టకటక అంటే నేను కింద కనెక్టింగ్ రాడ్డును పట్టే బిగ్ ఎండ్ బేరింగ్ అనుకున్నానన్నా. అది పోయిన బండిని నడిపితే కనెక్టింగ్ రాడ్డు విరిగి బ్లాకు పగిలినా పగులుతుంది. టిక్కు టిక్కు అని చెప్పుంటే మెల్లగా నడుపుకుంటూ రమ్మనేవాణ్ణి."

ఒక అచ్చు, ఒక ద్విత్వం తేడాకు బండి మంగళగిరి నుంచి తాడు మీద వచ్చింది. ఇందులో తప్పు ఎవరిదీ కాదు. బావగారు టకటక అన్నది వేగానికి. మెకానిక్ విన్నది చప్పుడు.

ఆ రోజు నుంచి ఈ మాటలే ఆలోచిస్తున్నాను. మన అనుకరణ శబ్దాల్లో ఒక పద్ధతి ఉంది. ఒక్కసారి జరిగితే ద్విత్వం పడుతుంది, పదేపదే జరిగితే అది కరిగిపోతుంది. భగ్గుమంది, భగభగ మండుతోంది. పక్కున నవ్వింది, పకపక నవ్వుతోంది. తళుక్కుమంది, తళతళలాడుతోంది. చురుక్కుమంది, చురచుర కాలుతోంది. గబుక్కున లేచాడు, గబగబ నడిచాడు. అలాగే తలుపు టక్కున మూసుకుంది, చెప్పులు టకటకలాడాయి.

కానీ టిక్కు ఆ దారిన పోదు. టికటిక అని మనం అనం. ఎన్నిసార్లు వచ్చినా టిక్కు టిక్కు అనే అంటాం, ద్విత్వాన్ని వదలం. ఎందుకంటే టిక్కులో దెబ్బకూ దెబ్బకూ మధ్య ఖాళీ వినిపిస్తుంది. టకటకలో ఆ ఖాళీ లేదు.

ఇది నా ఊహ మాత్రమే కాదు, ఇంజన్ లెక్క కూడా ఇదే చెబుతోంది. నాలుగు స్ట్రోకుల ఇంజన్‌లో క్రాంక్ (పిస్టన్లు తిప్పే కింది ఇరుసు) రెండు చుట్లు తిరిగితే క్యామ్ (వాల్వులను తెరిచే ఇరుసు) ఒక్క చుట్టు తిరుగుతుంది. బండి నిలబడి 800 ఆర్‌పీఎం (నిమిషానికి 800 చుట్లు) మీద ఆడుతుంటే, వదులైన టాపెట్ (వాల్వును నొక్కే ముక్క) ఒకటి నిమిషానికి 400 సార్లు కొడుతుంది, అంటే సెకనుకు ఆరేడు దెబ్బలు. ఒక సిలిండర్ దగ్గర మానిఫోల్డ్ లీకయినా అంతే, ఎందుకంటే పొగ వదిలే స్ట్రోకు రెండు చుట్లకు ఒక్కసారే వస్తుంది. అదే క్రాంక్ వైపు బేరింగ్ అరిగితే ప్రతి చుట్టుకూ కొడుతుంది, నిమిషానికి 800. ఇంజన్ పైభాగంలోది టిక్కు టిక్కు, కిందిభాగంలోది టకటక. ఈ మాటలు పుట్టినప్పుడు ఇంజన్లు లేవు, అయినా చెవి ఆ తేడాను పట్టి ఉంచింది. నాకు ఇది చాలా గొప్పగా అనిపించింది.

అచ్చు సంగతి కూడా చూడండి. సన్నటి చప్పుళ్లకు ఇకారం వస్తుంది: టిక్కు, కిర్రు, కిచకిచ. బరువైన చప్పుళ్లకు అకారం: టక్కు, దబ్బు, గడగడ. టాపెట్‌కూ వాల్వుకూ మధ్య ఉండే సందు మిల్లీమీటరులో మూడో వంతు కూడా ఉండదు చాలా ఇంజన్లలో. ఫీలర్ గేజ్ రేకు దూర్చి కొలుస్తారు. అది కాస్త పెరిగితే వచ్చేది సన్నటి దెబ్బే. బేరింగ్ దెబ్బ వెనక పిస్టన్, రాడ్డు బరువంతా ఉంటుంది.

మీ ఇళ్లలో, మీ ఊళ్లలో ఈ మాటలు ఎలా వాడతారు?

తెనాలి నుంచి ఒక సభ్యురాలు:
బాగుందండీ. కానీ మా ఇంట్లో టకటక అంటే వేగమే. "టకటకా పని తెముల్చు" అంటాం. చప్పుడు అర్థం ఎప్పుడో వెనకబడింది. దడ కూడా అంతే కదా, చప్పుడు కాస్తా భయం అయింది. కటకట అంటే పేపర్లో నీళ్ల కొరతే గుర్తొస్తుంది. మీ బావగారు వాడింది తప్పు అనలేం.

ఇంకో మాట. ఆవాలు వేసినప్పుడు చిటచిట అనం, చిటపట అంటాం. రెండో భాగం ఎందుకు మారింది?

ఒక రిటైర్డ్ తెలుగు మాస్టారు:
టిక్కు ఇంగ్లీషు నుంచి, గడియారంతో పాటు వచ్చిన మాటేమో ఆలోచించండి. అప్పుడు దానికి మన ద్విత్వ సూత్రం ఎందుకు పడుతుంది? అది టికటిక కాకపోవడానికి కారణం అదే కావచ్చు కదా.

నా జవాబు:
మాస్టారూ, మీ అనుమానం విలువైనది. కానీ మాట ఎక్కడ పుట్టినా, దాన్ని మన వ్యాకరణం ఎలా పట్టుకుందో చూద్దాం. గుప్పుమంది, భగ్గుమంది, చివుక్కుమంది అన్నట్టే టిక్కుమంది అంటున్నాం. మకారం చేరింది, "అను" క్రియ చేరింది. ఏ పరాయి మాటకైనా ఇంతకన్నా ఇంటి మర్యాద ఏముంటుంది? తుస్సుకు గడియారంతో సంబంధం లేదు, అయినా అదీ తుసతుస కాలేదు. తుస్సు తుస్సుమనే అంటాం. కాబట్టి ఖాళీ వినిపించే చప్పుళ్లు ద్విత్వాన్ని వదలవనే నా మాట మీద ఉంటాను.

అమ్మా, చిటపట గురించి మీరు అడిగింది అసలైన ప్రశ్న. రెండు భాగాలూ ఒకటే అయితే చప్పుడు తాళంలో ఉన్నట్టు. మారితే తాళం తప్పినట్టు. చిటపట, గడబిడ, తడబడు, అన్నిటిలోనూ ఒక క్రమం లేనితనం ఉంది. ఆవాలన్నీ ఒకే లెక్కన పేలవు కదా. ఆటోనగర్‌లో మెకానిక్ నోట నేను విన్న ఇంకో ప్రశ్న కూడా ఇదే: "చప్పుడు ఇంజన్ స్పీడుతో పాటు పెరుగుతోందా, దాని ఇష్టమొచ్చినట్టు వస్తోందా?" స్పీడుతో పాటు పెరిగితే ఇంజన్‌లో వెతకాలి. ఇష్టమొచ్చినట్టు వస్తే బోల్టు వదులైన రేకో, బ్రాకెట్టో కావచ్చు. దానికి మనకు లొడలొడ ఉండనే ఉంది.

ఆటోనగర్‌లో లేత్ పని చేసే ఒక తమ్ముడు:
అన్నా, మేం కస్టమర్‌ని నోటితో చప్పుడు చేసి చూపించమంటాం. "సౌండ్ వస్తోంది" అంటే మాకు ఏమీ తెలియదు. గరగర అంటే ఆల్టర్నేటరో, వాటర్ పంపో, దాని బేరింగ్ చూస్తాం. కీచుమంటోంది అంటే బెల్టు. కొత్త డీజిల్ బండ్లలో డీజిల్ చిమ్మే ఇంజెక్టర్లు టిక్కు టిక్కుమంటాయి, అది జబ్బు కాదు. కొందరు దానికే భయపడి వస్తారు. టాపెట్లన్నీ వదులైతే మాత్రం టిక్కు వినపడదు, కుట్టుమిషన్ లాగా అన్నీ కలిసిపోతాయి.

నా జవాబు:
తమ్ముడూ, చివర నువ్వు చెప్పింది చూసి లెక్క వేశాను. నాలుగు సిలిండర్లు, ఎనిమిది వాల్వులు. అన్నీ కొడితే 800 ఆర్‌పీఎం మీద సెకనుకు 53 దెబ్బలు. అప్పుడు ఖాళీ ఎక్కడ మిగులుతుంది! కుట్టుమిషన్ చప్పుడుకు మా అమ్మ వాడే మాట టకటక. అంటే పైనుంచి కూడా టకటక రావచ్చన్నమాట. నా సూత్రాన్ని అక్కడ సరిదిద్దుకుంటున్నాను: టకటక అన్నంత మాత్రాన బేరింగే అనుకోకూడదు, పైనుంచా కిందనుంచా అని అడిగాకే ఆ మాటకు అర్థం.

ఈ సంగతి బావగారికి చదివి వినిపించాను. ప్యాకింగ్, స్టడ్డు మార్చాక బండి బాగానే ఉందట. "ఈసారి ఫోన్ కిందపెట్టి ఇంజన్‌నే మాట్లాడమంటాను" అన్నారు. నేను వద్దన్నాను. ఫోన్‌లో తుస్సు వినపడదు, అది మనిషే వంగి విని చెప్పాలి.