1986లోనే నెట్ వచ్చిందంటారు, మరి మామూలు జనానికి 1995 దాకా ఎందుకు రాలేదు?

నీలవేణి:
కాలేజీలో మన దేశంలో ఇంటర్నెట్ తొలిరోజుల మీద సెమినార్ ఇవ్వాలండి. ఎక్కడ చూసినా 1995 ఆగస్టు 15న అప్పటి ప్రభుత్వ టెలికాం సంస్థ వీఎస్ఎన్ఎల్ మొదలుపెట్టింది అనే కథ ఎత్తుకుంటున్నారు. చదువు, పరిశోధన సంస్థల నెట్‌వర్క్ ఎర్నెట్ మాత్రం 1986లోనే మొదలైందట. మరి మధ్యలో తొమ్మిదేళ్లు ఏం జరిగింది? డబ్బు లేకనా, టెక్నాలజీ లేకనా? తెలిసినవాళ్లు కాస్త వివరంగా చెప్పండి ప్లీజ్.

పాతమోడెమ్:
టెక్నాలజీ లేక కాదమ్మా. ఎర్నెట్‌ని అప్పటి ఎలక్ట్రానిక్స్ శాఖ యూఎన్‌డీపీ (ఐక్యరాజ్యసమితి అభివృద్ధి సంస్థ) సాయంతో పెట్టింది. ఐదు ఐఐటీలు, బెంగళూరు ఐఐఎస్సీ, బొంబాయిలోని సాఫ్ట్‌వేర్ పరిశోధన సంస్థ ఎన్‌సీఎస్‌టీ, ఢిల్లీలో ఆ శాఖ ఆఫీసు, మొదట ఇంతే. మెయిల్ కొట్టగానే వెళ్లిపోయేది కాదు, క్యూలో పడి ఉండేది, ఇక్కడి కంప్యూటర్ అవతలి కంప్యూటర్‌కి ఫోన్ కలిపినప్పుడు అన్నీ ఒకేసారి పోయేవి. 1989లో ఎన్‌సీఎస్‌టీ నుంచి అమెరికాలోని యూయూనెట్ అనే ఇంటర్నెట్ కంపెనీకి లైన్ పడింది, వేగం 9.6 కేబీపీఎస్, అంటే సెకనుకి 9.6 కిలోబిట్లు. ఇప్పుడు ఫోన్లో తీసే ఒక్క ఫోటో ఆ లైన్ మీద పంపాలంటే గంట చాలదు, అయినా పరిశోధకులకి అదే పెద్ద వరం.

అయితే ఆ సంస్థల్లో ఉన్నవాళ్లకే ప్రవేశం. బయటివాళ్లకి అమ్ముదామంటే 1885 నాటి టెలిగ్రాఫ్ చట్టం అడ్డం, కమ్యూనికేషన్ల మీద సర్వహక్కులూ ప్రభుత్వానివే. అసలు అడ్డంకి అదే అంటాను.

రవిశంకర్ (రిటైర్డ్):
చట్టం ఒక్కటే అంటే నేను ఒప్పుకోను. అప్పట్లో ఇంటికి ఫోన్ రావాలంటేనే ఏళ్లు పట్టేది, ఫోన్ లేనివాడికి నెట్ ఎక్కడిది? 1995లో వీఎస్ఎన్ఎల్ తెరిచింది కూడా బొంబాయి, ఢిల్లీ, కలకత్తా, మద్రాసుల్లోనే, మొదటి జాబితాలో హైదరాబాద్ లేదు. సర్వీసు లేని ఊరివాళ్లు ఆ ఊళ్లకి ఎస్టీడీ కాల్ కలిపి వాడాలి, అందుకే రేటు తగ్గే రాత్రి వేళ కోసం కాచుకునేవాళ్లు. బొమ్మలు కనిపించే టీసీపీ ఐపీ అకౌంట్‌కి 15,000 రూపాయలు. విద్యార్థులకి చవకగా ఇచ్చిన షెల్ అకౌంట్‌లో ఒట్టి అక్షరాలే. లింక్స్ అనే బ్రౌజర్‌లో నల్ల స్క్రీన్ మీద వెబ్ పేజీ వచ్చేది, ఫోటో ఉండాల్సిన చోట "ఇమేజ్" అని బ్రాకెట్లలో ఒక మాట, బాణం మీటలతో ఒక లింకు నుంచి ఇంకో లింకుకి పోవాలి. మెయిల్‌కి పైన్ అనే ప్రోగ్రాం. లైన్లో గరగర ఎక్కువైతే కనెక్షన్ తెగిపోయేది, మళ్లీ డయల్ చేస్తే ఎంగేజ్. ఇదంతా చట్టం మార్చగానే బాగయ్యేది కాదు.

నీలవేణి:
చాలా థ్యాంక్స్ అండి ఇద్దరికీ. మరి పరిస్థితి నిజంగా మారింది ఎప్పుడు?

పాతమోడెమ్:
1998 నవంబరు. ప్రైవేటు ఐఎస్పీలకి, అంటే ఇంటర్నెట్ ఇచ్చే కంపెనీలకి, తలుపులు తీశారు, లైసెన్సు ఫీజు మొదటి ఐదేళ్లు లేదు, ఆ తర్వాత ఏడాదికి ఒక్క రూపాయి! ఫోన్ తీగలు అవే, ఎక్స్ఛేంజీలు అవే, అయినా రేట్లు దిగాయి. రవిశంకర్ గారూ, నేను చట్టం చట్టం అన్నది ఇందుకే.

రవిశంకర్ (రిటైర్డ్):
రేట్లు దిగిన మాట నిజమే, కాదనను. కానీ జనం దాకా చేర్చింది నెట్ సెంటర్లు. ఇంట్లో ఫోన్ లేనివాడు, కంప్యూటర్ కొనలేనివాడు కూడా గంటకి ఇంత అని ఇచ్చి కూర్చున్నాడు. ఒక్క లైన్ని నాలుగైదు కంప్యూటర్లకి పంచేవాళ్లు, పేజీ తెరుచుకునేసరికి ఓపిక పోయేది, అయినా ఇంజనీరింగ్ రిజల్ట్స్ వచ్చిన రోజు వీధిలోకి క్యూ. అమ్మాయ్, నీ సెమినార్లో ఐఎస్పీల పేర్లకంటే వీటికి ఎక్కువ టైం ఇవ్వు. 2004 బ్రాడ్‌బ్యాండ్ పాలసీ కూడా చూడు, 256 కేబీపీఎస్ ఉంటేనే బ్రాడ్‌బ్యాండ్ అనాలని అందులోనే రాశారు.