పాత నగలు అమ్మే షావుకారుని ఎలా నమ్మాలి? విజయనగరం, శ్రీకాకుళం వాళ్లు మీ అనుభవాలు చెప్పండి

చంపావతి (విజయనగరం)
మాఘమాసంలో మా అమ్మాయి పెళ్లి. కొత్త నగలతో పాటు ఒక్కటైనా పాతకాలపుది పెట్టాలని మా అత్తగారి కోరిక. తెలిసినవాళ్లు గంటస్తంభం దగ్గర ఒక షావుకారు గారిని చూపించారు. ఆయన దగ్గర కెంపులు పొదిగిన అడ్డిగ ఒకటి ఉంది. "సంస్థానం కాలం నాటిదమ్మా, నూట పాతికేళ్లు ఉంటుంది" అంటున్నారు. బంగారం విలువ మీద దాదాపు సగం ఎక్కువ చెప్తున్నారు. నగ మాత్రం కళ్లు తిప్పుకోనివ్వడం లేదు. అయినా టెన్షన్‌గా ఉంది. ఇలాంటివి కొన్నవాళ్లు ఉంటే, ఆ మనిషిని నమ్మొచ్చని ఎలా తేల్చుకున్నారో చెప్పండి.

నాగావళి గట్టు (శ్రీకాకుళం)
ముందు ఆయన అమ్మేది నిజంగా పాత నగా, లేక యాంటిక్ పాలిష్ వేసిన కొత్త నగా అని నేరుగా అడగండి. ఇప్పుడు ఏ షాపులోనైనా "యాంటిక్" అంటే నక్షీ పని చేసి మెరుపు తగ్గించిన కొత్త బంగారమే. అది మోసం కాదు, అదొక డిజైన్. దాన్ని పాతదని చెప్పి అమ్మితేనే మోసం.

మూడు లాంతర్లు (విజయనగరం)
మన ఊళ్లో "కోట నుంచి వచ్చింది", "ఫలానా జమీందారు గారి ఇంటిది" అనే మాట వినపడగానే ధర పెరుగుతుంది. దానికి కాగితం ఏముందో అడగండి. పాత ఫోటోలో ఆ నగ కనిపించినా, పాత తాకట్టు చీటీ ఉన్నా, అమ్మిన కుటుంబం రాసిచ్చిన రసీదు ఉన్నా సరే. ఏమీ లేకపోతే ఆ కథకి ఒక్క రూపాయి కూడా ఇవ్వకండి. నగకి, పనితనానికి మాత్రమే ఇవ్వండి.

ఇంకో సంగతి. నూరేళ్లు దాటిన పనితనపు వస్తువులు 1972 నాటి పురావస్తువుల చట్టం కిందికి వస్తాయి. అవి అమ్మే వ్యాపారికి లైసెన్స్ ఉండాలి. ఆయన నూట పాతికేళ్లు అంటున్నారు కదా, లైసెన్స్ చూపించమని మర్యాదగా అడగండి. అప్పుడు "అంత పాతది కాకపోవచ్చులెండి" అంటే వయసు సంగతి అక్కడే తేలిపోతుంది. అమ్మాయి పెళ్లయ్యాక అమెరికా వెళ్లేటట్టయితే ఇది మరీ ముఖ్యం. నూరేళ్లు దాటినవి సొంతంగా దేశం దాటించకూడదు.

హాల్‌మార్క్ గురించి కూడా చెప్తాను. మన దేశంలో బంగారానికి హాల్‌మార్కింగ్ మొదలైంది 2000లో. అక్షరాలు, అంకెలు కలిపి ఆరు ఉండే హెచ్‌యూఐడీ, అంటే ప్రతి నగకీ విడిగా ఇచ్చే నంబరు, 2021లో వచ్చింది. నగ మీద ఆ నంబరుంటే బీఐఎస్ కేర్ యాప్‌లో కొట్టి చూడండి, బంగారం వన్నె తెలుస్తుంది. అది వన్నెకి సాక్ష్యమే గాని వయసుకి కాదు.

ఆకురాయి (నరసన్నపేట)
మాది స్వర్ణకారుల కుటుంబం. నేను వేరే ఉద్యోగంలో ఉన్నాను గాని, చిన్నప్పటి నుంచి నాన్నగారి పక్కన కూర్చుని చూసినవే ఇవన్నీ.

నగని తిరగేసి చూడండి. అసలు సంగతంతా వెనక వైపే ఉంటుంది. ఏళ్ల తరబడి వేసుకున్న నగ అయితే కొక్కెం తగిలే చోట, రింగులు ఒకదానితో ఒకటి రాసుకునే చోట బంగారం అరిగి సన్నబడుతుంది. నలుపు సందుల్లో ఉండిపోతుంది, ఎత్తుగా ఉన్న చోట్ల ఒంటికి రాసుకుని మెరుస్తుంది. అంతటా ఒకే తీరు నలుపుంటే అది మందుతో తెప్పించిన రంగే అనుకోవచ్చు. పాత కమ్మలు కొనేటప్పుడు సీలలు మార్చి బిగించి చూడండి. చేత్తో కోసిన మరలు కాబట్టి ఒకదాని సీల రెండోదానికి చాలాసార్లు సరిగ్గా పట్టదు.

తరవాత బరువు. పాత నగలు చాలావరకు బోలుగా ఉంటాయి. పల్చని రేకుతో చేసి లోపల లక్క నింపేవారు. రాళ్ల కింద కూడా లక్కే. కాబట్టి తక్కెడ చూపించిందంతా బంగారం కాదు. మొత్తం బరువు ఎంత, లక్క, రాళ్లు పోను బంగారం ఎంత అని విడివిడిగా రాయమనండి. ఈ ఒక్క మాటకి షావుకారు ముఖం ఎలా మారుతుందో చూస్తే ఆయన గురించి సగం తెలుస్తుంది.

వన్నె చూసే మెషీన్ మీద పెట్టి "916 (అంటే 22 క్యారెట్లు) చూపించింది" అంటే సరిపోదు. ఆ మెషీన్ పైపొరనే చదువుతుంది. ఈమధ్య పూత పెట్టించి ఉంటే మంచి అంకే వస్తుంది. వెనక కనపడని చోట ఆకురాయితో కాస్త గీసి, గీటురాయి మీద చూడమనండి. అతుకుల దగ్గర టంకం వల్ల వన్నె కొంచెం తగ్గడం పాత నగల్లో మామూలే, దానికి కంగారు పడకండి.

వంశధార (శ్రీకాకుళం జిల్లా)
మా బావగారికి జరిగింది చెప్తాను. షాపు పేరు రాయను. పాత కాసుల పేరు కొంటే తెల్ల కాగితం మీద బరువు, ధర రాసిచ్చారు. "మనలో మనకి బిల్లెందుకు బాబూ, జీఎస్టీ దండగ" అన్నారట. రెండేళ్ల తరవాత మార్చబోతే అదే షాపులో ఆ చీటీ మాది కాదన్నారు. పక్కా బిల్లు ఇవ్వనంటే ఎంత తెలిసినవాళ్లయినా లేచి వచ్చేయండి. రేపు అది దొంగ సొత్తని తేలితే పోలీసులు రికవరీ కింద పట్టుకుపోతారు. కొన్నట్టు చూపించడానికి మన దగ్గర ఆ బిల్లు ఒక్కటే ఉంటుంది. నగదు కూడా 2 లక్షలు, అంతకు మించి తీసుకోవడానికి చట్టం ఒప్పుకోదు. మొత్తం క్యాష్ తెమ్మనేవాళ్లతో జాగ్రత్త.

బొబ్బిలి ఆడపడుచు
మంచివాళ్లూ ఉన్నారండి. మేము వంకీ కొన్న చోట పెద్దాయన లోపాలు ముందు చెప్పారు. ఒక పచ్చ తరవాత మార్చినదని, వెనక అతుకు కొత్తదని భూతద్దం ఇచ్చి చూపించారు. తాకట్టులో మునిగిపోయిన నగ అని కూడా దాచలేదు. మేము అడగకుండానే "మీకు నమ్మకమున్న ఆచారి గారి దగ్గరికి నా కుర్రాడితో పంపిస్తాను, చూపించుకోండి" అన్నారు. ఇప్పటికీ మా ఇంట్లో ఏం కొన్నా ఆయన దగ్గరే.

కురుపాం మార్కెట్ (విశాఖ)
కెంపుల గురించి ఎవరూ చెప్పలేదు. బంగారం పాతదైతే రాయి కూడా సహజమైనదే అనుకుంటారు. కృత్రిమ కెంపు తయారుచేసే వెర్నుయ్ పద్ధతి 1902లోనే బయటికి వచ్చింది. ఆ తరవాత చేసిన దక్షిణాది నగల్లో ఆ రాళ్లు చాలా కనిపిస్తాయి. "బర్మా కెంపులు" అని ధర కలుపుతుంటే జెమ్ ల్యాబ్ సర్టిఫికెట్ లేకుండా ఒప్పుకోకండి. కృత్రిమ రాయి లోపల వంపు గీతలుంటాయి. తెలిసినవాళ్లు సూక్ష్మదర్శినిలో పట్టేస్తారు. ఇంకోటి, ఆ నగ కొనాలని చూస్తున్న ఇంకో వ్యాపారి చేత వెల కట్టించకండి. "నేను కొనను, చూసి చెప్తాను" అనే మనిషికి ఫీజిచ్చి అడగండి.

చంపావతి
అందరికీ చాలా చాలా థాంక్స్. నిన్న సాయంత్రం మావారూ నేనూ వెళ్లి ఇవన్నీ అడిగాం. లైసెన్స్ మాటెత్తగానే "ఎనభై, తొంభై ఏళ్లనుకోండి" అన్నారు. పక్కా బిల్లు ఇస్తానన్నారు. రాళ్లు విప్పనన్నారు గాని, విశాఖలో ల్యాబ్‌కి తన మనిషిని తోడు పంపిస్తానన్నారు. సంస్థానం పేరు చెప్పి కలిపిన డబ్బు తీసేస్తే తీసుకుందామని మావారు అంటున్నారు. అత్తగారికైతే ఆ అడ్డిగే కావాలి.

ఆకురాయి
రాళ్లు విప్పకపోవడం మంచిదేనమ్మా. పాత పొదుగు ఒకసారి లేపితే మళ్లీ అలా కూర్చోదు. ల్యాబ్‌కి వెళ్లేముందు షాపులోనే తూకం వేయించి, తక్కెడ మీద అంకె కనపడేలా, ముందూ వెనకా ఫోటోలు తీసుకోండి. తిరిగొచ్చాక మళ్లీ తూయించండి. బిల్లులో "పాత నగ, లక్కతో కూడినది" అని, బంగారం బరువు, వన్నె, రాళ్ల సంఖ్య రాయించండి. వెనక్కి తీసుకుంటే ఎంత తగ్గిస్తారో కూడా అందులోనే ఉండాలి. అవి రాసిచ్చేదాకా అడ్వాన్స్ ఇవ్వకండి.