అల్మరాలో దొరికిన 19వ నంబరు చొక్కా

ఫ్రీమాంట్ కొత్త అద్దెదారు:

అందరికీ నమస్కారం. నేను అమెరికా వచ్చి ఆరు వారాలు అయింది. ఫ్రీమాంట్‌లో ఒక గది అద్దెకు తీసుకున్నాను. అల్మరాలో పాత అద్దెదారు వదిలేసిన నారింజ రంగు చొక్కా ఒకటి దొరికింది. వీపు మీద ‘స్కుటారో’ అని, దాని కింద 19 అని ఉంది. ఏదో స్కూటర్ల కంపెనీ పంచిపెట్టింది కాబోలు అనుకుని ఉతికి వేసుకున్నాను.

నిన్న బార్ట్ రైలులో ఒక ముసలాయన నా వీపు చూసి లేచి నిలబడ్డారు. రెండు చేతులూ బార్లా చాచి, ముఖం పైకప్పు వైపు ఎత్తి, కళ్లు మూసుకున్నారు. నాకు గుండె జారిపోయింది. ఆయన నవ్వి, నా భుజం తట్టి, తర్వాతి స్టేషన్‌లో దిగిపోయారు.

వచ్చే శుక్రవారం మా ఆఫీసు వాళ్లందరం శాన్ ఫ్రాన్సిస్కో జట్టు జెయింట్స్ బేస్‌బాల్ ఆటకు వెళ్తున్నాం. ఈ చొక్కా వేసుకుని వెళ్లవచ్చా? ఈ స్కుటారో ఎవరు? బేస్‌బాల్ గురించి నాకు ఓనమాలు కూడా రావు.

డబ్లిన్ అక్క:

తమ్ముడూ, చొక్కా సంగతి తర్వాత. స్వెటర్ ఉందా లేదా? జూలైలో కదా, ఎండగా ఉంటుంది కదా అని పలచటి చొక్కాతో వెళ్లావంటే ఏడో ఇన్నింగ్స్‌కు పళ్లు కొట్టుకుంటాయి. మైదానం సముద్రపు పాయ పక్కనే ఉంది. మా ఆయన మొదటిసారి వెళ్లి, అక్కడే దుకాణంలో దుప్పటి కొనుక్కుని వచ్చారు. దాని ధర ఈ రోజుకీ నాకు చెప్పలేదు. ఇంటి తిండి తీసుకువెళ్లవచ్చు, పులిహోర పట్టుకెళ్లు. గాజు సీసాలు మాత్రం వద్దు. అక్కడ వెల్లుల్లి వేసిన బంగాళాదుంప వేపుడు అమ్ముతారు, అది ఒకసారి తినాల్సిందే.

సన్నీవేల్ బాబాయి:

బాబూ, ఆ పెద్దమనిషి నీకు దండం పెట్టినంత పని చేశారు. ఎందుకో తెలియాలంటే మొదటి నుంచి వినాలి. ఇరవై రెండేళ్లుగా ఇక్కడ ఉన్నాను, ఈ కథ చెప్పే అవకాశం ఎవరూ ఇవ్వలేదు.

మార్కో స్కుటారో వెనిజులా వాడు. యారకుయ్ రాష్ట్రంలోని శాన్ ఫెలిపేలో 1975లో పుట్టాడు. 1994లో క్లీవ్‌లాండ్ జట్టు ఒప్పందం రాయించుకుంది. ఆ తర్వాత ఎనిమిదేళ్లు చిన్న లీగుల్లోనే, అంటే పెద్ద లీగుకు కింది మెట్ల మీదే. 2000లో క్లీవ్‌లాండ్, మిల్వాకీ జట్లు ఆటగాళ్లను మార్చుకున్నాయి. ఆ ఒప్పందం కుదిరిన రోజు ఇతని పేరు అందులో లేదు. ‘మరొకరిని తర్వాత ఇస్తాం’ అని రాసుకున్నారు. నెల రోజుల తర్వాత ఆ మరొకరు ఇతనే అని తేలింది. కూరగాయలు కొన్నాక సంచిలో పడేసే కరివేపాకు అన్నమాట.

2002 ఏప్రిల్‌లో న్యూయార్క్ మెట్స్ వేవర్ల మీద తీసుకుంది. వేవర్ అంటే, ఒక జట్టు తన జాబితా నుంచి ఒకరిని తీసేయదలిస్తే ఆ సంగతి మిగతా జట్లకు తెలుపుతుంది. కావాలన్న జట్టు చేయెత్తి పట్టుకుపోతుంది. ఆటగాడిని ఎవరూ అడగరు. మన కన్సల్టెన్సీల్లో బెంచి మీద ఉన్నవాడికి శుక్రవారం సాయంత్రం ఫోను చేసి ‘సోమవారం ఒమాహాలో ఉండాలి’ అంటారు చూడు, అదే పద్ధతి. అలా 26 ఏళ్ల వయసులో, 2002 జూలైలో మొదటిసారి పెద్ద లీగులో అడుగుపెట్టాడు. మరుసటి ఏడాది అక్టోబరులో మళ్లీ వేవర్లు, ఈసారి ఓక్లాండ్.

ఇతను ఇన్‌ఫీల్డర్. అంటే బేసుల (పరుగెత్తేవాడు ఆగే చోట్ల) చుట్టూ కాపు కాసేవాడు. ఇతను షార్ట్‌స్టాప్ అంటే షార్ట్‌స్టాప్, సెకండ్ బేస్ అంటే సెకండ్ బేస్, అవసరమైతే థర్డ్ బేస్. ఎవరికి దెబ్బ తగిలితే వాళ్ల చోటు. ఓక్లాండ్‌లో నాలుగు సీజన్లు, టొరంటోలో రెండు, బోస్టన్‌లో రెండు. 2012 జనవరిలో కొలరాడోకు పంపారు. అక్కడ పెట్టె విప్పి ఏడు నెలలు కాకముందే, జూలై 27న, మన శాన్ ఫ్రాన్సిస్కో. ఆ వారమే ఇక్కడ థర్డ్ బేస్ కాచే పాబ్లో సాండోవాల్‌కు తొడ కండరం పట్టేసింది. అతనూ వెనిజులా వాడే. మనిషి తక్కువయ్యాడు కాబట్టి తెచ్చుకున్నారు, అంతే. వయసు 36, ఆ రోజు పత్రికల్లో పెద్ద శీర్షిక కూడా రాలేదు.

తర్వాత 61 ఆటల్లో ఇతని సగటు .362. ఓనమాలు రావన్నావు కాబట్టి చెబుతున్నాను, పదిసార్లలో మూడుసార్లు కొడితేనే ఇక్కడ గొప్పవాడు. ఆ ఏడాది మొత్తం మీద 190 హిట్లు కొట్టి, 49 సార్లు మాత్రమే స్ట్రైకౌట్ (మూడు స్ట్రైకులు పడి ఔట్) అయ్యాడు. బంతి వచ్చిందంటే బ్యాటు తగలాల్సిందే. నాకైతే లక్ష్మణ్ మణికట్టు గుర్తొచ్చేది.

శాన్ లియాండ్రో పాతకాపు:

బాబాయి గారు ఓక్లాండ్ నాలుగేళ్లను ఒక్క వాక్యంలో దాటేశారు. జెయింట్స్ అభిమానులకు ఇది అలవాటే. ఆ మనిషిని గుర్తించింది మేము. ‘మార్-కో స్కు-టా-రో’ అని సాగదీసి పాడడం ఓక్లాండ్‌లోని మా మైదానం కొలీజియంలో పుట్టింది. 2006 అక్టోబరు 6న మిన్నెసోటాతో ప్లేఆఫ్ సిరీస్ మూడో ఆటలో నేను అక్కడే ఉన్నాను. అసలు షార్ట్‌స్టాప్ గాయపడి బయట కూర్చుంటే ఇతను ఆడాడు. బేసులు మూడూ నిండి ఉండగా కొట్టిన డబుల్‌కు (రెండు బేసుల హిట్‌కు) ముగ్గురూ హోమ్ చేరారు, మూడు పరుగులు. కాంక్రీటు మెట్లు కాళ్ల కింద ఊగాయి, అతిశయోక్తి కాదు.

ఆ మరుసటి ఏడాది ఏప్రిల్ 15. న్యూయార్క్ యాంకీస్ రెండు పరుగులు ముందుంది. తొమ్మిదో ఇన్నింగ్స్, ఇద్దరు ఔట్, బంతి మారియానో రివేరా చేతిలో. రివేరా అంటే ఆట ముగించడంలో చరిత్రలోనే మొదటి పేరు. స్కుటారో ఆ నెలంతా బ్యాటుకు బంతి తగలక తంటాలు పడుతున్నాడు. పక్క సీటు ఆయన ‘ఇక లేద్దాం’ అని చిప్స్ పొట్లం మడిచి జేబులో పెట్టుకున్నారు. బంతి వెళ్లి ఎడమవైపు ఫౌల్ స్తంభానికి తగిలింది. మూడు పరుగుల హోమ్‌రన్, 5-4. ఆ పొట్లం ఏమైందో ఆయనకే తెలియదు.

ఇంకొకటి, లక్ష్మణ్‌తో పోల్చకండి. లక్ష్మణ్ రంజీలో హైదరాబాదును వదిలిపెట్టలేదు. ఇతనికి ఒక ఊరు ఎక్కడుంది?

సన్నీవేల్ బాబాయి:

మణికట్టును పోల్చాను స్వామీ, రేషన్ కార్డును కాదు. అయినా అంత గుర్తించిన మీ జట్టు 2007 నవంబరులో టొరంటోకు ఎందుకు ఇచ్చేసినట్టు? మీ జట్టు ఆ ఊరినే వదిలిపెట్టి శాక్రమెంటోకు పోయింది, ఇంకేం మాట్లాడతారు?

శాన్ లియాండ్రో పాతకాపు:

ఆ పేరు ఎత్తకండి. 2024 సెప్టెంబరు 26న కొలీజియంలో చివరి ఆట. మా అమ్మాయి చిన్న సీసాలో అక్కడి మట్టి పట్టుకొచ్చింది. అది పూజగదిలో ఉంది.

డేలీ సిటీ:

అసలు సంగతి ఇద్దరూ వదిలేశారు. ముసలాయన రైలులో చేతులు ఎందుకు చాచారో ఇంకా చెప్పలేదు. నేను చెబుతాను. దాంతోపాటు ప్రతి కొత్తవారూ వినాల్సిన అద్దె ఇంటి కథ కూడా చెబుతాను. రెండూ ఒక్క రాత్రివే.

2012 అక్టోబరు. లీగ్ ఫైనల్లో సెయింట్ లూయిస్ మీద జెయింట్స్ 1-3తో వెనకబడింది. అంతకుముందు రెండో ఆటలో ప్రత్యర్థి మాట్ హాలిడే బేసు మీదికి జారుతూ వచ్చి స్కుటారో కాళ్ల మీద పడ్డాడు. మనిషి ముడుచుకుపోయాడు. అయినా లేచి, కాసేపటికి బేసులు నిండి ఉండగా హిట్ కొట్టి, ఆ తర్వాతే మైదానం వదిలాడు. ఆ సిరీస్‌లో 28 ప్రయత్నాల్లో 14 హిట్లు, సరిగ్గా సగం. సిరీస్ ఉత్తమ ఆటగాడు అతనే. జెయింట్స్ వరుసగా రెండు గెలిచి సమం చేసింది. ఏడో ఆట అక్టోబరు 22, సోమవారం రాత్రి.

మేము అప్పటికి డేలీ సిటీ ఇంట్లో దిగి నెలన్నర. 9-0తో ఆట ముగియబోతుండగా వాన దంచేసింది. అక్కడ మైదానంలో, ఇక్కడ మా హాల్లో కూడా. పైకప్పు మూల నుంచి ధార. మా ఆవిడ బియ్యం కడిగే గిన్నె పెట్టింది, అది చాలక స్నానాల బకెట్టు తెచ్చింది. ఇంటి యజమానికి పంపడానికి ఫోనుతో ఫొటో తీసింది. సరిగ్గా ఆ క్షణాన టీవీలో స్కుటారో సెకండ్ బేస్ దగ్గర నిలబడి, చేతులు చాచి, ముఖం ఆకాశానికి ఎత్తి వానను తాగుతున్నట్టు నవ్వుతున్నాడు. పదిహేడేళ్లు ఊళ్లు పట్టుకు తిరిగిన మనిషి. చివరి బంతి గాలిలోకి లేపింది ఎవరో తెలుసా? ఆ హాలిడేనే. పట్టుకున్నది స్కుటారో. నీ ముసలాయన చేసి చూపింది ఆ వాననే.

ఇక ఇల్లు. యజమాని మర్నాడు వచ్చి ‘మీరు కిటికీ తెరిచి ఉంచారు’ అన్నాడు. కిటికీ ఆ గోడకు లేదు. మార్చిలో ఖాళీ చేశాం. ఈ రాష్ట్రంలో 21 రోజుల్లో డిపాజిట్ అయినా తిరిగి ఇవ్వాలి, లెక్క అయినా పంపాలి. 34వ రోజున ఉత్తరం వచ్చింది: తివాచీ పాడు చేసినందుకు 1,400 డాలర్లు కోత, మేము నీళ్లు ఒలకబోశామట. ఫోనులు చేశాను, ఎత్తలేదు. రిజిస్టర్డ్ ఉత్తరం రాశాను, తిరిగొచ్చింది. ఆఖరికి చిన్న దావాల కోర్టుకు వెళ్లాను. అక్కడ వకీలు ఉండడు, ఎవరి మాట వాళ్లే చెప్పుకోవాలి. నేను నాలుగు పేజీలు రాసుకుని వెళ్లాను, గొంతు ఆరిపోయి ఒక పేజీ కూడా చదవలేకపోయాను. ఫొటో ఇచ్చాను. యజమాని ‘ఈ ఫొటో ఎప్పుడు తీశారో ఎవరికి తెలుసు’ అన్నాడు. న్యాయమూర్తి కళ్లద్దాలు పైకి తోసుకుని చాలాసేపు చూశారు. బకెట్టును కాదు, టీవీని. ‘ఇది ఏడో ఆట’ అన్నారు. మొత్తం డబ్బు తిరిగి వచ్చింది.

కొత్తగా దిగేవాళ్లు ఇంటి ప్రతి మూలా ఫొటో తీయండి. వెనక టీవీ ఆన్ చేసి ఉంచండి.

మిల్పిటాస్:

కొత్తవారికి ఒక సవరణ. డిపాజిట్ ఇప్పుడు ఒక నెల అద్దెకు మించకూడదు. 2024 జూలై 1 నుంచి అదే నియమం. రెండు నెలలది అడిగితే ఇవ్వవద్దు.

డేలీ సిటీ:

అందరికీ కాదు. ఒకటి రెండు ఇళ్లు మాత్రమే అద్దెకిచ్చే చిన్న యజమాని రెండు నెలలది తీసుకోవచ్చు. సగం నియమం చెప్పి పంపితే ఆ అబ్బాయి గొడవపడి గది పోగొట్టుకుంటాడు.

మిల్పిటాస్:

సరే, ఒప్పుకున్నాను. అయితే ఈ ఆటగాళ్లూ మనలాగే హెచ్-1బీ మీదే కదా వస్తారు? బదిలీ చేసిన ప్రతిసారీ కొత్త దరఖాస్తు పెట్టాలి కదా?

శాన్ లియాండ్రో పాతకాపు:

హెచ్-1బీ కాదు. వాళ్లది పీ-1, క్రీడాకారుల వీసా. అదీ పెద్ద లీగు వాళ్లకే ఉండేది. చిన్న లీగుల కుర్రాళ్లు 2006 చివర్లో చట్టం మారేదాకా హెచ్-2బీ మీద వచ్చేవారు. పళ్లతోటల్లో కాదు గానీ, హోటళ్లలో, తోటపనుల్లో కాలానికి తగ్గట్టు పనిచేసేవాళ్లతో కలిసి ఒకే కోటాలో వరుస కట్టేవారు.

సన్నీవేల్ బాబాయి:

కథ పూర్తి చేయనివ్వండి. వారం తిరగకుండానే, అక్టోబరు 28న డెట్రాయిట్‌లో వరల్డ్ సిరీస్ (రెండు లీగుల విజేతల ఆఖరి పోరు) నాలుగో ఆట. పదో ఇన్నింగ్స్‌లో స్కుటారో కొట్టిన సింగిల్‌తోనే (ఒక బేసు హిట్‌తోనే) గెలుపు పరుగు వచ్చింది, 4-3. అప్పుడుగానీ ఎవరూ మూడేళ్ల ఒప్పందం ఇవ్వలేదు, రెండు కోట్ల డాలర్లకు. ఒక నియమం ఉంది: పెద్ద లీగులో పదేళ్లు నిండి, అందులో చివరి ఐదేళ్లు ఒకే జట్టులో ఉంటే, తనను మార్చవద్దని ఆటగాడు అడ్డం చెప్పవచ్చు. ఇతను ఎక్కడా ఐదేళ్లు ఉన్నదే లేదు.

2013 జూన్‌లో బంతి తగిలి ఎడమ చిటికెన వేలు కొన వంగిపోయింది, తిన్నగా నిలబడదు. ఆ వేలితోనే ఆడుతూ 37 ఏళ్లకు మొదటిసారి ఆల్-స్టార్ అయ్యాడు, అంటే ఏటా మేటి ఆటగాళ్లను ఏరి ఆడించే ఆటకు ఎంపికయ్యాడు. ఆ ఆట జరిగింది న్యూయార్క్‌లో, మెట్స్ మైదానంలో. తర్వాత నడుము సహకరించలేదు. 2014లో ఐదే ఆటలు, ఆ పైన వెన్నుకు శస్త్రచికిత్స, ఆట ముగిసింది. చొక్కా వేసుకుని వెళ్లు బాబూ. మీ మేనేజరు చేతులు చాస్తే నువ్వూ చాచు.

శాన్ లియాండ్రో పాతకాపు:

వేసుకో. కానీ పాట మాది అని చెప్పు.

ఫ్రీమాంట్ కొత్త అద్దెదారు:

అందరికీ ధన్యవాదాలు. స్వెటర్ కొన్నాను అక్కా. ఇంటావిడ ద్వారా పాత అద్దెదారుతో మాట్లాడాను. మన గుంటూరు ఆయనే. క్లయింటు మారితే డెన్వరుకు వెళ్లిపోయారట. చొక్కా నన్నే ఉంచుకోమన్నారు. అదే అల్మరాలో కింది అరలో ఉన్న ఐదు లీటర్ల కుక్కర్ మాత్రం పంపమన్నారు. డెన్వరుకు పార్సిల్ ఎంత అవుతుంది?

డబ్లిన్ అక్క:

మూత, గిన్నె విడివిడిగా చుట్టు. విజిల్ తీసి జేబులో వేసుకుని మర్చిపోకు. వచ్చే నెల మా ఆడపడుచు కారులో డెన్వరు వెళ్తోంది, అప్పటిదాకా ఆగగలరేమో అడుగు.