రావిశాస్త్రి సమగ్ర సంపుటం: ఎక్కడ మొదలుపెట్టాలి?

పాలమూరు పాఠకుడు:
రావిశాస్త్రి గారి నవలల్లో ‘అల్పజీవి’ చదివాను, బాగా నచ్చింది. ఇప్పుడు మనసు ఫౌండేషన్ వాళ్లు వేసిన లావుపాటి సంపుటం చేతికొచ్చింది. వరసగా చదువుదామని కూర్చుంటే కథల దగ్గరే బండి ఆగిపోతోంది. రెండు ఇబ్బందులు. ఒకటి, మాది మహబూబ్‌నగర్ వైపు, ఉత్తరాంధ్ర మాట సగం అందడం లేదు. రెండు, సారా కథల్లో ఎవరు ఎవరి మీద ఎందుకు కేసు పెడుతున్నారో తేలడం లేదు. ఏ వరసలో చదివితే మంచిది? నవలల్లో అసంపూర్తివి ఉన్నాయంటున్నారు, అది నిజమేనా?

కళింగాంధ్ర:
మొదటి పేజీ నుంచి వరసగా చదవకండి. అలా మొదలుపెట్టినవాళ్లు చాలామంది మీలాగే మధ్యలో వదిలేస్తారు. ముందు ‘పిపీలికం’ చదవండి. వేదాలు చదువుకున్న చీమకి తానెవరో తెలియక బయల్దేరే కథ అది. పురాణం చెబుతున్నట్టుగా సాగే గ్రాంథికపు వెటకారం కాబట్టి యాస అడ్డు రాదు. తర్వాత ‘జరీ అంచు తెల్లచీర’. ఈ రెంటితో ఆయన గొంతు చెవికి పడుతుంది. సారా కథలు ఆ తర్వాతే.

యాస సంగతి. కళ్లతో చదివితే తలనొప్పి, పైకి చదివితే సగం తేలిక. నాలుగైదు గుర్తులు పెట్టుకుంటే చాలు. ‘చ’ ఉన్నచోట ‘స’ పలుకుతుంది: సదువు, సెప్పు, సూడు. లేదు అనేది నేదు అవుతుంది. వాడు, వీడు మాటల్లో మొదటి ‘వ’ పోయి ఆడు, ఈడు అంటారు. నేను బదులు నాను, ఏమిటి బదులు ఏటి. బేగి అంటే త్వరగా. వొగ్గేయడం అంటే వదిలేయడం. మీ వైపువాళ్లు తడబడే మాట ఒకటుంది: గుంట. మీకది భూమి కొలత, ఎకరంలో నలభయ్యో వంతు. అక్కడ ఆడపిల్ల. ‘ఆ గుంట’ అంటే పొలం గురించి కాదండీ.

ఇంకో మాట. రావిశాస్త్రి పోలికల మీద పోలికలు పేరుస్తూ పోతాడు, విసుగొచ్చి దాటేయాలనిపిస్తుంది. దాటేయకండి. మొదటి రెండు పోలికల్లో మనిషి ఆకారమే కనిపిస్తుంది, అతని జేబూ హోదా చివరివాటిలో బయటపడతాయి. వెటకారమంతా అక్కడే ఉంటుంది.

కోర్టుపక్షి:
పై సలహా బాగుంది గానీ సారా కథలను అంత వెనక్కి నెట్టక్కర్లేదు. మీకు అడ్డుపడేది కథ కాదు, చట్టం. అది తెలిస్తే ‘ఆరు సారా కథలు’ రెండు సాయంత్రాల పని.

నేపథ్యం ఇదీ. మద్రాసు రాష్ట్రంలో మద్యనిషేధ చట్టం 1937లో వచ్చింది, మొదట సేలం జిల్లాలో అమలైంది. యుద్ధకాలంలో సడలించి, మళ్లీ బిగించి, 1948 అక్టోబరు నాటికి రాష్ట్రమంతటా తెచ్చారు. ఆంధ్ర రాష్ట్రం విడివడ్డాక కూడా కోస్తాలో అదే కొనసాగింది. మీ తెలంగాణలో ఆ చట్టం లేదు, అందుకే ఆ వాతావరణం మీకు కొత్త. విశాఖలో ప్లీడరీ చేసిన రావిశాస్త్రికి మాత్రం అది రోజువారీ సరుకు.

కేసు నడక ఎలా ఉంటుందంటే: పోలీసులు పాకమీద పడతారు, సారా పట్టుకుంటారు. మధ్యవర్తుల (అంటే సోదాకి సాక్షుల) ఎదుట పంచనామా రాసి, శాంపిలు సీసాకి సీలు వేసి కెమికల్ పరీక్షకి పంపుతారు. ఆ తర్వాత చార్జిషీటు, మేజిస్ట్రేటు కోర్టు. కాగితం మీద పద్ధతి ఇది. కథ అంతా ఈ అంచెల మధ్య సందుల్లోనే నడుస్తుంది: మామూలు ఎవరిచ్చారు, ఎవరివ్వలేదు, నెలకి చూపాల్సిన కేసుల కోటాలోకి ఎవరిని లాగారు, మధ్యవర్తిగా సంతకం పెట్టినవాడు నిజంగా అక్కడ ఉన్నాడా. చదువుతున్నప్పుడు ప్రతి పాత్రనీ ఒక్క ప్రశ్న అడగండి: ఈ కేసు నిలిస్తే ఇతనికేమిటి లాభం, పోతే ఏమిటి నష్టం? హెడ్డు (హెడ్ కానిస్టేబులు), సీనియర్ ప్లీడరు, సాక్షి, సారా అమ్మే మనిషి, అందరి లెక్కా అప్పుడు తేలుతుంది.

ముందుగా ‘మాయ’ చదవండి. జూనియర్ ప్లీడరు మూర్తికి ముత్యాలమ్మ తన కేసు విప్పి చెప్పే ఘట్టం ఉంది. అక్కడ చట్టమూ యాసా రెండూ ఆమె నోటనే అర్థమవుతాయి. ఆ ఒక్క ఘట్టాన్ని పైకి చదివితే మిగతా ఐదు కథలూ తేలికవుతాయి.

పాతపుస్తకం:
అసంపూర్తి సంగతి నిజమే. ‘రాజు-మహిషి’, ‘రత్తాలు-రాంబాబు’ రెండూ పూర్తికాలేదు. చివర పేజీలు ఊడిపోయాయని షాపువాడితో తగువు పడకండి. ముగింపు కోసం చదివేవి కావవి, ఒక్కో ప్రకరణాన్నీ విడి కథలాగా చదువుకోవచ్చు. కథలు అయ్యాకే వాటిలోకి వెళ్లండి. కోర్టు వరండా, సారా పాక, పోలీసు స్టేషను కథల్లో చూసి ఉంటారు కాబట్టి అక్కడ మళ్లీ వెతుక్కోనక్కర్లేదు.

పెద్ద కథకీ పెద్ద కథకీ మధ్య ‘ఋక్కులు’ పెట్టుకోండి. కుక్కపిల్ల, అగ్గిపుల్ల, సబ్బుబిళ్ళ, ఇలా శ్రీశ్రీ ‘ఋక్కులు’ కవితలోని మాటలే పేర్లుగా పెట్టి రాసినవి. చిన్నవి, ఊపిరి తిప్పుకోవడానికి బాగుంటాయి. అయితే వరసగా నాలుగైదు చదివితే ఒకదానిలో ఒకటి కలిసిపోతాయి, రోజుకి ఒకటి చాలు.

సంపుటం బరువుది. పడుకుని గుండెల మీద పెట్టుకుంటే కుట్టు వదులవుతుంది, బల్లమీద పెట్టి చదవండి. ప్రయాణాల్లోకైతే కథల విడి సంపుటాలు ఆదివారం ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద వెతకండి, అప్పుడప్పుడు దొరుకుతుంటాయి. తీసుకునే ముందు విషయసూచికని మీ సంపుటంతో సరిచూసుకోండి. ఒకే కథ రెండు మూడు సంపుటాల్లో ఉంటుంది.

పాలమూరు పాఠకుడు:
గుంట విషయంలో నిజంగానే పొలం అనుకున్నానండీ. ‘పిపీలికం’, ‘మాయ’, ఆ తర్వాత మిగతా సారా కథలు, మధ్యమధ్య ఋక్కులు. ఈ వరసలో వెళ్తాను. నాటకాలు చివరికి ఉంచితే పర్వాలేదా?

కోర్టుపక్షి:
పర్వాలేదు. ‘నిజం’ నాటకం మాత్రం సారా కథలు అయిన వెంటనే చదవండి, ఆ వేడి చల్లారకముందే.