కంటైనర్ నంబరు చివరి అంకె: సాఫ్ట్‌వేరే వేసెయ్యాలా, మనిషి చూసి కొట్టాలా?

మిర్చి_లెక్కలు (గుంటూరు):
మాది చిన్న ఎగుమతి ఆఫీసు. కోల్డ్ స్టోరేజీ దగ్గరే మిర్చి టిక్కీలు (బస్తాలు) కంటైనర్‌కి ఎక్కించి చెన్నై పంపుతాం. గేటు దగ్గర నంబర్లు ఎక్కించడానికి ఒక కుర్రాడితో సాఫ్ట్‌వేర్ రాయించాం. నాలుగు అక్షరాలు, ఆరు అంకెలు కొట్టగానే పదకొండోది, అదే తలుపు మీద గడి కట్టి ఉండే చెక్ డిజిట్, తనే వేసేస్తుంది. మా వాళ్లకి హాయిగా ఉంది. మా కస్టమ్స్ పనులు చూసే ఏజెంటు, అదే సీహెచ్‌ఏ, మాత్రం "అది తీయించెయ్యండి, ఎప్పుడో కొంప ముంచుతుంది" అంటున్నారు. లెక్క ప్రకారం వచ్చే అంకేగా, ఎవరు వేస్తే ఏంటి?

బెజవాడ_కోడ్:
ఆయన చెప్పిందే రైటండీ. ముందు పదీ సరిగ్గా కొట్టారా లేదా అని సాక్ష్యం చెప్పడానికే ఆ అంకె ఉంది. మీరు ముద్దాయి చేతే సాక్షి సంతకం పెట్టిస్తున్నారు.

పాఠాల్లో తరచూ కనిపించే నంబరు తీసుకుందాం: సీఎస్‌క్యూయూ 305438, చివర 3. కంటైనర్ నంబర్లకి ఉన్న ప్రమాణం ఐఎస్‌వో 6346 ప్రకారం 'ఏ' అక్షరం విలువ 10. అక్కణ్ణించి 11, 22, 33 వదిలేసుకుంటూ పోతే జెడ్ 38. మొదటి దాన్ని 1తో, రెండో దాన్ని 2తో, మూడో దాన్ని 4తో, అలా రెట్టింపు చేసుకుంటూ పదో దాన్ని 512తో గుణించి కలిపితే 6185. దాన్ని 11తో భాగిస్తే 3 మిగులుతుంది.

ఇప్పుడు మీ గేటు అబ్బాయి నిద్రమత్తులో 305438 బదులు 304538 కొట్టాడనుకోండి. మొత్తం 6249, మిగిలేది 1. తలుపు మీద చూసి 3 కొట్టి ఉంటే సాఫ్ట్‌వేర్ అక్కడే అరిచేది. మీది బుద్ధిగా 1 వేసి, పచ్చ టిక్కు పెట్టి ఊరుకుంటుంది. ఇక కస్టమ్స్‌కి ఇచ్చే షిప్పింగ్ బిల్లు దగ్గర్నుంచి 2016 జూలైలో తప్పనిసరైన వీజీఎం (సరుకుతో సహా కంటైనర్ మొత్తం బరువు) తూకం కాగితం దాకా అన్నిట్లో అదే నంబరు.

ట్రైలర్_బాబాయ్ (ఆటోనగర్):
కోడ్ గారూ, లెక్క బాగుంది. గేటు దగ్గర మాత్రం కథ వేరు. మా దగ్గర మీరన్నట్టే పెట్టారు: అంకె కలవకపోతే ఎంట్రీ పడదు. వెనక నాలుగు ట్రైలర్లు హారన్లు కొడుతున్నాయి. కుర్రాడేం చేశాడు? 0 నుంచి ఒక్కో అంకే కొట్టుకుంటూ పోయాడు. పదింట్లో ఒకటి పచ్చ పడాల్సిందేగా! పడింది. బండి వెళ్లిపోయింది. సాఫ్ట్‌వేర్ వేసినా వాడు వేసినా చివరికి ఒకటే అయినప్పుడు ఆ పది నొక్కులు ఎందుకు? పైగా సగం మెయిళ్లలో పది గళ్లే వస్తాయి.

ఎక్సెల్_ప్రియుడు:
నా పాపం కూడా ఒప్పుకుంటా. నేను చేసిన షీట్‌లో బీకి 11 వేశాను, వరసగా లెక్కపెట్టుకుంటూ పోయాను. వారం రోజులు మంచి బాక్సులన్నీ తప్పన్నాను. లైనర్ (ఓడ కంపెనీ) వాళ్లని తిట్టాను కూడా.

బెజవాడ_కోడ్:
బాబాయ్, మీ అనుభవం నిజమే. కానీ అది గేటు మూసేసినందువల్ల వచ్చిన తంటా, అంకె అడిగినందువల్ల కాదు. మూయొద్దు. ఎర్ర గుర్తుతోనే లోపలికి రానివ్వండి, కొట్టింది కొట్టినట్టే ఉంచండి, తలుపు ఫొటో అడగండి. సరైన అంకె ఫలానా అని మాత్రం చెప్పొద్దు. చెబితే దాన్నే దింపేస్తారు.

పాత_సీహెచ్‌ఏ:
ఇద్దరూ ఆ అంకెని మరీ నెత్తిన పెట్టుకుంటున్నారు. అక్షరాల విషయంలో దానికి రేచీకటి. ఎఫ్ విలువ 16, పీ విలువ 27. తేడా సరిగ్గా 11. అంటే ఎఫ్‌ని పీ అని కొట్టినా మిగులు మారదు, పచ్చ టిక్కే. జీ, క్యూ అంతే: 17, 28. ఎం, డబ్ల్యూ అంతే: 24, 35. పెయింటు పోయిన తలుపు మీద ఇవే కదా కళ్లని మోసం చేసేవి! ఇంకోటి, మిగులు 10 వచ్చినా 0 అనే వేస్తారు. కాబట్టి చివర 0 కనిపిస్తే కాస్త తక్కువ నమ్మండి.

మొదటి మూడక్షరాలు ఓనర్ కోడ్. ఈ కోడ్‌లు ఇచ్చే పారిస్‌లోని బీఐసీ అనే సంస్థ దగ్గర రిజిస్టరై ఉంటాయి, ఆ జాబితాతో పోల్చండి. నాలుగోది యూ, జే, జెడ్ కాకుండా ఇంకేదైనా ఉంటే లెక్క దాకా పోనే అక్కర్లేదు. ఇవన్నీ దాటినా అది మీకు బుక్ అయిన బాక్సో కాదో ఏ లెక్కా చెప్పదు. లైనర్ ఇచ్చిన కాగితంలో నంబరుతో కలిపి చూసుకోవాల్సిందే. నా దగ్గరికి సవరణ కోసం వచ్చే వాటిలో చాలా మటుకు నంబర్లు లెక్కకి అద్దంలా సరిపోతాయి. బాక్సే వేరు.

ట్రైలర్_బాబాయ్:
ఇది ఒప్పుకుంటా. అయినా మెయిల్‌లో పది గళ్లే వచ్చినప్పుడు సాఫ్ట్‌వేర్ వెయ్యడంలో నాకు తప్పు కనపడట్లేదు. రంగు మార్చి చూపిస్తే చాలు, ఇది ఎవరూ చూసి కొట్టింది కాదని తెలుస్తుంది.

బెజవాడ_కోడ్:
ఆఫీసు టేబుల్ దగ్గరైతే సరే. గేటు దగ్గర వద్దు.

మిర్చి_లెక్కలు:
కుర్రాడికి చెప్పేశా, గేటు స్క్రీన్‌లో పదకొండో గడి ఖాళీగా ఉంచమని. మా గేటు అబ్బాయి అప్పుడే అడుగుతున్నాడు: "తలుపు మీద చెరిగిపోతే ఏం కొట్టాలన్నా?"

ట్రైలర్_బాబాయ్:
పక్కల మీద, ముందు వైపు, పైకప్పు మీద కూడా ఉంటుంది. టార్చి ఇచ్చి ఒక చుట్టు తిరిగి రమ్మనండి.