అవార్డు వచ్చింది సరే, హైదరాబాద్ బాగుపడినట్టేనా?

నాగోలు నివాసి:
2022 అక్టోబరులో దక్షిణ కొరియాలోని జెజులో హైదరాబాద్‌కు ‘వరల్డ్ గ్రీన్ సిటీ’ అవార్డు ఇచ్చారు. 158 కిలోమీటర్ల ఔటర్ రింగు రోడ్డు పొడవునా పెంచిన పచ్చదనాన్ని చూసి ఇచ్చారు. అదే ఏడాది జనవరిలో వెలువడిన అటవీ సర్వే నివేదిక ప్రకారం 2011లో 33.15 చదరపు కిలోమీటర్లున్న నగర అటవీ విస్తీర్ణం 2021 నాటికి 81.81కి చేరింది. నేను మాత్రం కిటికీ తెరిస్తే మూసీ వాసన పీలుస్తున్నాను. నగరం పర్యావరణపరంగా ముందుకు వెళ్లిందో లేదో దేనితో కొలవాలి? చెట్ల లెక్కను అన్నిటికన్నా ముందు పెట్టడం తప్పని నా అభిప్రాయం.

వేపకొమ్మ:
తప్పెందుకవుతుంది? ఔటర్ కొత్తగా వేసినప్పుడు రెండువైపులా మట్టి, బండలే. ఇప్పుడు పచ్చగా ఉంది. ఆ పదేళ్లలోనే అహ్మదాబాద్ 8.55 చదరపు కిలోమీటర్లు పోగొట్టుకుంది, బెంగళూరుకూ తగ్గింది. మంచి జరిగినా మూతి విరవడం మనకు అలవాటైపోయింది.

లెక్కల పంతులు:
మూతి విరవడం కాదండీ, పద్దు చూడమంటున్నాం. ఆ నివేదికలో అటవీ విస్తీర్ణం అంటే ఏమిటో చూశారా? హెక్టారుకు తగ్గని జాగాలో పదో వంతు నేలను చెట్ల కొమ్మలు కప్పితే చాలు, లెక్కలోకి వస్తుంది. స్థలం ఎవరిదైనా, చెట్టు ఏదైనా సరే. మామిడి తోటా అందులోకే వస్తుంది. ప్రభుత్వం మొక్కలు నాటించిన హరితహారంలో విరివిగా నాటి, తర్వాత వద్దనుకున్న కోనోకార్పస్ అనే విదేశీ చెట్టు కూడా రావిచెట్టుతో సమానంగా అక్కడ కూర్చుంటుంది. పైగా ఇది నికర లెక్క. ఒకచోట ముదురు చెట్లు కూలినా, మరోచోట కుర్ర తోపు లేస్తే రెండూ చెల్లుకు చెల్లు.

మూసీ దిగువ రైతు:
మీ చర్చంతా ఔటర్ దగ్గరే ఆగిపోయింది. మూసీ అక్కడ ఆగదు. అనంతగిరి కొండల్లో పుట్టి, మీ ఊరు దాటి, మా భువనగిరి వైపు వచ్చి, వాడపల్లి దగ్గర కృష్ణలో కలుస్తుంది. మా కత్వ (చిన్న ఆనకట్ట) దగ్గర నురగ గట్టు మీదికి ఎక్కుతుంది. ఆ నీటితోనే వరి పండిస్తాం, పశువులకు గడ్డి పెంచుతాం. ఆ గడ్డి తిన్న గేదెల పాలు తెల్లవారేసరికి మీ ఇళ్లకే వస్తాయి. బోరునీళ్లు తాగడం మా నాన్న ఉన్నప్పుడే మానేశాం. నిజం చెప్పాలంటే, మీ మురుగు రాకపోతే ఎండాకాలం మా కాలువల్లో చుక్క ఉండదు. అందుకే నది మూసేయమని మేం అడగం, కడిగి పంపమంటున్నాం. ఇల్లు శుభ్రంగా ఊడ్చారా అని ఇంట్లోవాళ్లను అడిగితే సరిపోదు, చెత్త ఎవరి వాకిట్లో పడిందో వాళ్లను కూడా అడగాలి.

గాలిమర:
గాలి సంగతీ ఇంతే. 2019లో మొదలైన జాతీయ స్వచ్ఛ వాయు కార్యక్రమంలో నగరాల పనితీరును పీఎం 10, అంటే గాలిలోని ధూళికణాల తగ్గుదలతో చూస్తూ వచ్చారు. రోడ్లు ఊడ్చి నీళ్లు చల్లితే ఆ అంకె కొంత దిగుతుంది. వాహనాల పొగ, చెత్త మంటల నుంచి వచ్చి ఊపిరితిత్తుల లోతుకు చేరే మరింత సన్నని కణాలు, పీఎం 2.5 మాత్రం అలా దిగదు. దానికి ఏడాది సగటున మన దేశం పెట్టుకున్న హద్దు ఘనపు మీటరు గాలికి 40 మైక్రోగ్రాములు, ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పేది 5.

వేపకొమ్మ:
సరే, అందరూ ఒకేసారి నా మీద పడ్డారు. చెట్లను కొలిచారు కాబట్టే ఆ కొలతలో తప్పులు పట్టగలుగుతున్నారు. 81.81 అందరి నోటా ఉంది. మూసీకి అలా నోట నిలిచే అంకె ఒక్కటి చెప్పండి. అన్నీ కలిపి నూటికిన్ని మార్కులని ఒకే సూచీ చేస్తే చెట్లు మురుగును కప్పేస్తాయన్న భయం నాకూ ఉంది.

లెక్కల పంతులు:
ఉందండీ, బీఓడీ. నీటిలోని మురుగును కుళ్లబెట్టడానికి సూక్ష్మజీవులు వాడుకునే ఆక్సిజన్ అది. స్నానానికి పనికొచ్చే నదిలో లీటరుకు 3 మిల్లీగ్రాములు దాటకూడదు. నగరం నుంచి మూసీ బయటపడేచోట నెలనెలా కొలిచి, మీ పచ్చని ఔటర్ మీదే బోర్డు పెట్టించండి.

నాగోలు నివాసి:
మూసీ నగరంలోకి రాకముందు, ఎగువన గండిపేట దగ్గరి అంకె కూడా పక్కనే ఉండాలి. ఆ రెండింటి మధ్య తేడాయే మన నగరం నదికి చేసిన పని. చెట్ల లెక్క తీసేయనక్కర్లేదు వేపకొమ్మ గారూ, నరికినవాటికీ ఒక గడి కలపండి.

వేపకొమ్మ:
దానికి అభ్యంతరం లేదు. అవార్డు వెనక్కి ఇవ్వమనకపోతే చాలు.

మూసీ దిగువ రైతు:
బోర్డు మీద నెల పేరు పెద్ద అక్షరాలతో రాయించండి. ఆగస్టు వరదలో కొలిచి నది బాగుపడిందంటే మేం ఒప్పుకోం. ఏప్రిల్లో రండి, నీళ్లు నేనే ముంచి ఇస్తాను.