కొత్త ప్రైవేట్ మెడికల్ కాలేజీలో బి కేటగిరీ సీటు: 60 లక్షలు పెట్టొచ్చా, మళ్ళీ లాంగ్ టర్మ్‌కి పంపాలా?

కూర్మన్నపాలెం_నాన్న:
అందరికీ నమస్కారం. మా అమ్మాయి ఒక లాంగ్ టర్మ్ (ఏడాది నీట్ కోచింగ్) అయ్యాక నీట్ రాసింది, మార్కులు పర్లేదు గానీ కన్వీనర్ కోటా (తక్కువ ఫీజు) సీటు అందేలా లేదు. ఆంధ్రా మెడికల్ కాలేజీ ఆశ ఎలాగూ పోయింది. హెల్త్ యూనివర్సిటీ మేనేజ్‌మెంట్ కోటాకి (బి కేటగిరీ అందులోదే) అప్లై చేశాం, ఇక వెబ్ ఆప్షన్లు పెట్టాలి. మా ర్యాంకుకి పాత కాలేజీల్లో బి కేటగిరీ అనుమానమే అంటున్నారు, వైజాగ్ నుంచి గంట పైన దూరంలో ఒక కొత్త ప్రైవేట్ కాలేజీ ఉంది, అందులో అయితే ఖాయం అంటున్నారు (పేరు రాయను, వాళ్ళ పీఆర్వో ఇప్పటికే రోజూ ఫోన్ చేసి చంపుతున్నాడు). నేను స్టీల్ ప్లాంట్‌లో వీఆర్ఎస్ తీసుకున్నాను, ఆ డబ్బు ఉంది, ఆనందపురం దగ్గర రెండొందల గజాల ప్లాట్ ఉంది, వెనకాల ఇంటర్ చదివే అబ్బాయి ఉన్నాడు. మా ఆవిడ ప్లాట్ అమ్మేసి చేర్పిద్దాం అంటోంది, మా బావమరిది కొత్త కాలేజీ వద్దు బావా ఇంకో ఏడాది చదివించు అంటున్నాడు. ఐదేళ్ళకి లెక్కేస్తే ట్యూషన్ ఫీజే 60 లక్షలు దాటిపోతోంది, హాస్టల్, మెస్ కాకుండా. సూటిగా చెప్పండి, తిట్టినా పర్లేదు.

బీచ్‌రోడ్_వాకర్:
వద్దు సార్. వీఆర్ఎస్ డబ్బు అంటే మీ ముసలితనం. గోడల సున్నం ఇంకా ఆరని కాలేజీలో దాన్ని పోస్తారా? పిల్లకి ఇంకో ఛాన్స్ ఇవ్వండి.

తగరపువలస_అమ్మ:
వాకర్ గారూ, ఇంకో ఛాన్స్ అని రాయడం తేలికండీ, ఆ ఏడాది పిల్లలతో ఇంట్లో ఉండి చూడాలి. మావాడికి రెండో లాంగ్ టర్మ్‌లో మొదటిసారి కంటే తక్కువొచ్చాయి, మనిషి సగం అయిపోయాడు, ఫోన్ చేస్తే మాట్లాడేవాడు కాదు. ఇప్పుడు ఒక కొత్త కాలేజీలోనే సెకండియర్ చదువుతున్నాడు, అక్కడ వీళ్ళది రెండో బ్యాచ్. క్లాసులు జరుగుతున్నాయి, ఫస్టియర్ అన్నీ పాసయ్యాడు. థియరీ పేపర్ అందరికీ ఒకటే కదా, ఎన్టీఆర్ హెల్త్ యూనివర్సిటీదే, రేపు డిగ్రీ మీద కూడా ఆ యూనివర్సిటీ పేరే ఉంటుంది. మీరు ఏ కాలేజీలో చదివారు అని ఏ పేషెంటూ అడగడు.

కేజీహెచ్_హౌస్‌సర్జన్:
అడగడు ఆంటీ, నిజమే. కానీ ఆ పేషెంట్ పొట్ట మీద చెయ్యి వేసినప్పుడు మనకి తెలిసిపోతుంది ఎన్ని పొట్టలు చూశామో.
అంకుల్, ఫస్టియర్ గురించి మీరు భయపడక్కర్లేదు. ఎనాటమీ, ఫిజియాలజీ, బయోకెమిస్ట్రీ అంతే, శవాలు, ల్యాబు, చెప్పేవాళ్ళు ఉంటే గడిచిపోతుంది. అసలు కథ సెకండియర్‌లో వార్డుల్లోకి వెళ్ళినప్పుడు మొదలవుతుంది. మాకు కేజీహెచ్‌లో, అంటే వైజాగ్ పెద్ద ప్రభుత్వాసుపత్రిలో, శ్రీకాకుళం నుంచి, పాడేరు నుంచి, ఒడిశా నుంచి కేసులు వస్తూనే ఉంటాయి, చూడలేక చస్తాం. పేషెంట్లు లేని హాస్పిటల్లో వంద మంది ఒకే హెర్నియా చుట్టూ నిలబడి తలా రెండు నిమిషాలు చూసి వస్తారు, ఆ పేషెంట్ కూడా నాలుగోవాడు రాగానే బట్ట కప్పేసుకుంటాడు.
మెడికల్ కాలేజీలకి పర్మిషన్ ఇచ్చే ఎన్ఎంసీ 2023 రూల్స్ ప్రకారం 100 సీట్లకి 420 పడకలు, 150కి 605 ఉండాలి, 80 శాతం నిండి ఉండాలి. మంచాలు కొనడం ఎంతసేపు, మంచం మీద మనిషి ఉన్నాడా లేదా అన్నదే ప్రశ్న. మీరు పీఆర్వో రమ్మన్న రోజున వెళ్ళకండి. ఒక మామూలు మంగళవారం పొద్దున పదకొండున్నరకి చెప్పకుండా వెళ్ళి ఏదో ఒక జబ్బు చెప్పి ఓపీ చీటీ రాయించుకోండి, చీటీ మీద సీరియల్ నంబర్ చూస్తే ఆ రోజు ఎంతమంది వచ్చారో దాదాపు తెలిసిపోతుంది. నెలకి డెలివరీలు ఎన్ని అవుతున్నాయో లేబర్ రూమ్ దగ్గర స్టాఫ్ నర్స్‌ని అడగండి. రాత్రి క్యాజువాలిటీకి అంబులెన్సులు వస్తున్నాయా అన్నది గేటు బయట టీ కొట్టువాడికి బాగా తెలుస్తుంది.

అనకాపల్లి_బెల్లం:
ఏటి తమ్ముడూ, కేజీహెచ్‌లో మీరు నేర్సుకున్నదేటి, రక్తం సీసాలట్టుకుని ల్యాబుకి పరిగెత్తడమే కదా. మా మేనల్లుడు కూడా అక్కడోడే, అన్నీ చెప్తాడు. ప్రతి పాత కాలేజీ ఒకప్పుడు కొత్తదే. నెల్లిమర్ల మహారాజా 2002లో పెట్టినప్పుడు, గీతం వాళ్ళు 2015లో మొదలెట్టినప్పుడు కూడా ఇలాగే అన్నారు, ఇప్పుడు అక్కడ సీటు కోసం ఎగబడతన్నారు. నీట్ రాసేవోళ్ళు 22 లక్షల మంది, అందులో మా గుంటకి డాక్టరు సీటొస్తంది అంటే కొత్తదా పాతదా అని వాస్తు చూసుకుంటూ కూకుంటామా.

కేజీహెచ్_హౌస్‌సర్జన్:
సీసాలు మోశాం అన్నా, ఒప్పుకుంటా. మోస్తూ మోస్తూనే ఎవరికీ నరం దొరకని ముసలమ్మకి కాన్యులా (సెలైన్ ఎక్కించే గొట్టం) పెట్టడం వచ్చింది.

బ్యాంక్_బాబాయ్:
అందరూ కాలేజీ గురించే మాట్లాడుతున్నారు, డబ్బు లెక్క ఎవరూ వెయ్యలేదు, అది నేను వేస్తాను.
2020లో గవర్నమెంట్ ఫిక్స్ చేసిన ఫీజులు ఏడాదికి ఏ కేటగిరీ 15 వేలు, బి కేటగిరీ 12 లక్షలు, సి కేటగిరీ అంటే ఎన్నారై కోటా 36 లక్షలు. ఆ తర్వాత పెరిగాయి, నేను సులువు కోసం 12 లక్షలే తీసుకుంటున్నా. మొత్తం లోన్ మీద చదివించారనుకోండి. ఏటా 12 చొప్పున ఐదేళ్ళు, వడ్డీ 10 శాతం, కోర్సు ఐదున్నరేళ్ళు, ఆ పైన ఒక ఏడాది మారటోరియం, అంటే కిస్తీ కట్టక్కర్లేని గడువు. కిస్తీ మొదలయ్యే రోజుకి మామూలు వడ్డీయే 27 లక్షలు అవుతుంది. 60 కాస్తా 87. దాన్ని 15 ఏళ్ళలో తీర్చాలంటే నెలకి 93 వేల పైన కట్టాలి. ఉత్త ఎంబీబీఎస్‌తో మన ఊళ్ళో డ్యూటీ డాక్టర్‌గా చేరిన పిల్లలు నా కౌంటర్ దగ్గరికే వస్తారు, జీతం అందులో సగం కాస్త అటూ ఇటూ. పైగా అప్పటికి ఆ అమ్మాయి పీజీకి ప్రిపేర్ అవుతూ ఉంటుంది, జీతమే ఉండదు. అంటే ఈ కిస్తీ కట్టేది నాన్నే.
ఇంకోటి. 7.5 లక్షలు దాటితే మామూలుగా తాకట్టు అడుగుతాం. మీ ఆనందపురం ప్లాట్ వీఎంఆర్డీఏ (వైజాగ్ నగరాభివృద్ధి సంస్థ) అప్రూవ్డ్ లేఔట్ అయితే సరే, పంచాయతీ లేఔట్ అయితే మా లీగల్ వాళ్ళు తిప్పి పంపిస్తారు. 2024లో వచ్చిన పీఎం విద్యాలక్ష్మి లోన్ పథకంలో తాకట్టు లేకుండా ఇస్తున్నారు కదా అంటారేమో, ప్రైవేటుకైతే అది కేంద్రం ఇచ్చే ఎన్ఐఆర్ఎఫ్ ర్యాంకుల్లో పైన ఉన్న సంస్థలకే, నిన్న మొన్న పెట్టిన కాలేజీకి ర్యాంకు ఎక్కడిది. చదువు లోన్ వడ్డీకి ట్యాక్స్ మినహాయింపు కూడా పాత రెజీమ్‌లో ఉంటేనే.

కూర్మన్నపాలెం_నాన్న:
బాబాయ్ గారూ, నెలకి 93 వేలు అన్న దగ్గర నా ప్రాణం జారిపోయింది. సగం వీఆర్ఎస్ డబ్బు, సగం లోన్ అనుకుంటున్నా.

బ్యాంక్_బాబాయ్:
సగం అయితే కిస్తీ కూడా సగమే, నెలకి 47 వేలు. మీకు పెన్షన్ ఎంత వస్తుందో మీకే తెలుసు. అబ్బాయి ఇంజినీరింగ్ ఫీజు పక్కన పెట్టాకే ఈ లెక్క వెయ్యండి, ముందు కాదు.

వైజాగ్_కుర్రోడు99:
ఆడపిల్లకి 60 లక్షలు పోసి చదివించి మళ్ళీ పెళ్ళికి ఇంకో 60 పెట్టాలి. ఆ డబ్బు ఎఫ్‌డీ వేసి బీఎస్సీ నర్సింగ్ చేయించండి, కెనడా వెళ్ళిపోతుంది.

తగరపువలస_అమ్మ:
బాబూ, అదే మార్కులు కొడుక్కొస్తే ఈ ఎఫ్‌డీ సలహా ఇచ్చేవాడివా? నర్సింగ్ మంచి చదువే, ఆ పిల్ల అడిగితే అప్పుడు చెప్పు.

రూల్‌బుక్:
నేను వకీలుని కాదు గానీ మా అన్న కూతురు విషయంలో ఇవన్నీ చదవాల్సొచ్చింది.
కొత్త కాలేజీకి ఎన్ఎంసీ ఇచ్చేది మొదట పర్మిషన్ మాత్రమే, మొదటి బ్యాచ్ ఫైనలియర్ పరీక్ష రాసే టైముకి చూసి అప్పుడు రికగ్నిషన్ ఇస్తారు. మధ్యలో ఏదైనా తేడా వస్తే? కడపలో ఒక కాలేజీలో 2015లో చేరిన బ్యాచ్‌కి పర్మిషన్ రాలేదు, వాళ్ళు రోడ్డెక్కిన సంగతి పేపర్లలో చూసే ఉంటారు. 2022లో తెలంగాణలో మూడు కాలేజీల అడ్మిషన్లు ఎన్ఎంసీ రద్దు చేసింది, పిల్లలు నెలల తరబడి ఎటూ కాకుండా తిరిగారు, చివరికి వేరే కాలేజీల్లో సర్దారు. కాలేజీ పెట్టడానికి రాష్ట్ర ప్రభుత్వం ఇచ్చే ఎసెన్షియాలిటీ సర్టిఫికెట్‌లో ఒక మాట ఉంటుంది, కాలేజీ వసతులు పెట్టలేక అడ్మిషన్లు ఆగిపోతే అప్పటికే చేరిన పిల్లల బాధ్యత ప్రభుత్వం తీసుకుంటుందని. కాబట్టి డిగ్రీ మొత్తానికి పోతుందన్న భయం అక్కర్లేదు, కానీ ఏడాది పోవచ్చు.
ఫీజు విషయం. 2017లో మన గవర్నమెంటే ఏడాది ఫీజు 24 లక్షలకి పెంచుతూ జీవో ఇచ్చింది, హైకోర్టు కొట్టేసింది, 2022 నవంబర్లో సుప్రీంకోర్టు కూడా అదే చెప్పి, చదువు లాభాల కోసం చేసే వ్యాపారం కాదు అంటూ కాలేజీకీ ప్రభుత్వానికీ కలిపి 5 లక్షలు కోర్టు ఖర్చుల కింద వడ్డించింది. కోర్టుకెళ్తే న్యాయం దొరికింది సరే, 2017లో చేరినవాళ్ళు ఆ తీర్పు వచ్చేసరికి కోర్సు ఎక్కడిదాకా వచ్చారో మీరే లెక్కేసుకోండి. అందుకే చేరేముందే ఫీజు మీ బ్యాచ్‌కి చివరిదాకా ఇదేనా, ఎన్నేళ్ళకి తీసుకుంటారు అన్నది కాగితం మీద రాయించుకోండి.

కూర్మన్నపాలెం_నాన్న:
రూల్‌బుక్ గారూ, పీఆర్వో రెండేళ్ళ ఫీజు ముందే కట్టెయ్యండి, మిగతాదానికి బ్యాంక్ గ్యారంటీ ఇవ్వండి అంటున్నాడు. డిపాజిట్ అని ఇంకేదో విడిగా చెప్తున్నాడు.

రూల్‌బుక్:
ఒకసారి ఒక ఏడాది ఫీజే తీసుకోవాలి, పిల్ల మధ్యలో వెళ్ళిపోతుందని భయం ఉంటే మిగతాదానికి గ్యారంటీ అడగొచ్చు అని సుప్రీంకోర్టు 2003లోనే చెప్పింది. గ్యారంటీ అడగడం తప్పు కాదు, రెండేళ్ళది ముందే అడగడం తప్పు. ఆ విడి డిపాజిట్‌కి రసీదు ఇస్తారా అని అడగండి, ఫోన్‌లో కాదు, మెసేజ్‌లో.

రిటైర్డ్_ఎనాటమీ:
నేను గవర్నమెంట్‌లో రిటైరయ్యాక ఒక కొత్త ప్రైవేట్ కాలేజీలో పని చేశాను. డెబ్భై ఏళ్ళ దాకా మాకు అవకాశం ఉంది, అందుకని కొత్త కాలేజీల్లో నాలాంటి ముసలి ప్రొఫెసర్లు దొరుకుతారు, నిజానికి చెప్పడానికి తీరిక ఉన్నది మాకే. పిల్లలు తక్కువ, పేరు పెట్టి పిలుస్తాం, ఎవరు క్లాసుకి రాలేదో తెలుస్తుంది. లేనిది మధ్య తరం. అసిస్టెంట్ ప్రొఫెసర్లు, పీజీలు, సీనియర్ స్టూడెంట్లు. వార్డులో రాత్రి పదింటికి పిల్లకి ఈసీజీ చదవడం నేర్పేది ప్రొఫెసర్ కాదమ్మా, పీజీ. మొదటి బ్యాచ్‌కి చాలాచోట్ల ఆ పీజీలు ఉండరు. చాలామంది తల్లిదండ్రులు బిల్డింగ్ చూస్తారు, నేనైతే హాస్టల్‌కి వెళ్ళి పిల్లల్ని నిన్న మీకు ఎవరు క్లాస్ చెప్పారు, మొన్న ఎవరు చెప్పారు అని అడగమంటాను.
కాగితాల మీద ఫ్యాకల్టీ, తనిఖీ రోజున కిరాయి పేషెంట్లు అన్న ఆరోపణల మీద 2025లో సీబీఐ కేసు పెట్టింది, దేశంలో చాలా రాష్ట్రాల కాలేజీల పేర్లు వచ్చాయి, తనిఖీ సమాచారం ముందే బయటికి పోయిందని కూడా. అందుకే తనిఖీలో పాసయింది అన్న మాటకి నేను పెద్ద విలువ ఇవ్వను. హౌస్‌సర్జన్ అబ్బాయి చెప్పిన ఓపీ చీటీకి ఇస్తాను.

బీచ్‌రోడ్_వాకర్:
అయితే మీరూ వద్దనే అంటున్నారుగా సార్.

రిటైర్డ్_ఎనాటమీ:
కాదు. ఖాళీ హాస్పిటల్ అయితే వద్దు. చుట్టూ ఊళ్ళుండి, ఎన్టీఆర్ వైద్య సేవ (ప్రభుత్వ ఉచిత వైద్య పథకం) కింద ఆపరేషన్లు జరుగుతూ వార్డులు నిండుతున్న కొత్త కాలేజీ అయితే, సిటీలో పేరున్న పాతదాని కంటే నేను దానికే ఓటేస్తాను. రెండిటికీ ఫీజు ఒకటే, ఆ ఫీజుకి వచ్చేది ఒకటి కాదు. బేరం ఆడాల్సింది అక్కడ.

అనకాపల్లి_బెల్లం:
జార్జియా, ఉజ్బెకిస్తాన్ సంగతి ఎవరూ ఎత్తలేదేటి? మా వీధిలో ఇద్దరెళ్ళారు, మొత్తం ఖర్చు ఇక్కడి సగం కూడా అవలేదు.

కేజీహెచ్_హౌస్‌సర్జన్:
తిరిగొచ్చాక ఎఫ్ఎంజీఈ అని విదేశాల్లో చదివినవాళ్ళకి పెట్టే పరీక్ష పాసవ్వాలన్నా, రాసేవాళ్ళలో తప్పేవాళ్ళే ఎక్కువ. తర్వాత ఇక్కడ మళ్ళీ ఇంటర్న్‌షిప్. మీ వీధిలో ఇద్దరూ పాసయ్యారా?

అనకాపల్లి_బెల్లం:
ఒకడు పాసయ్యాడు. రెండోవోడు కోచింగ్‌లో ఉన్నాడు.

కూర్మన్నపాలెం_నాన్న:
అందరికీ థాంక్స్ అండి. అమ్మాయిని కూర్చోబెట్టి ఇదంతా చదివించాను, నాన్నా లాంగ్ టర్మ్ మాత్రం ఇక నా వల్ల కాదు అని ఒక్క మాట అంది, అది పక్కాగా తేలిపోయింది. ఆప్షన్లలో మన వైపు కాలేజీలు నెల్లిమర్ల, సంగివలస, మారికవలస, రాగోలు ముందు పెడదాం, తర్వాత గుంటూరు, విజయవాడ వైపు పాత కాలేజీలు, కొత్తది అన్నిటికన్నా కింద అనుకుంటున్నాం. లోన్ మాత్రం సగం మించనివ్వను. ప్లాట్ అమ్మకానికి పెట్టట్లేదు, తాకట్టుకే.

రూల్‌బుక్:
కింద పెట్టినా పెట్టినట్టే సార్, మీ ర్యాంకుకి అదే రావచ్చు. వస్తే చేరతాం అనుకుంటేనే పెట్టండి. ఊరికే ఉండనిద్దాం అని పెట్టి తర్వాత వదిలేస్తే కట్టిన డబ్బు దగ్గర పేచీ వస్తుంది, యూనివర్సిటీ నోటిఫికేషన్‌లో ఏ రౌండ్‌కి ఎలా ఉందో చదివి ఆప్షన్లు ఫ్రీజ్ (ఖాయం) చెయ్యండి.

కూర్మన్నపాలెం_నాన్న:
అందుకే మంగళవారం వెళ్ళి చూశాకే ఫ్రీజ్ చేస్తా. ఓపీలో ఏం జబ్బు చెప్పమంటారు, నాకు షుగర్ కూడా లేదు.

అనకాపల్లి_బెల్లం:
మోకాలు నొప్పి అనండి అన్నయ్యా, స్టీల్ ప్లాంట్‌లో అన్నేళ్ళు చేసినోళ్ళు చెప్తే ఎవడైనా నమ్ముతాడు. ఎక్స్‌రే రాస్తే తీయించుకోండి, మిషనుందో లేదో తేలిపోద్ది.